నల్లా కాడ: పన్నెండు మందితో చిన్న గ్రూపు పెట్టుకుని నడుపుకోవడం ఎలా

హైదరాబాద్ రాంనగర్‌లో మేం ఉన్న పాత కాంపౌండ్‌లో ఎనిమిది పోర్షన్లు, అందరికీ కలిపి ఒకటే నల్లా. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చేవి. బిందెలు వరసలో పెట్టి ఆ గట్టు మీదే కూర్చునేవాళ్లం. ఒకరు చిక్కుడుకాయ ఈనెలు తీసేవారు, ఒకరు పూలు అల్లేవారు, నేను జాకెట్లకు హుక్కులు కుట్టుకునేదాన్ని. ఎవరింట్లో ఏం కూర, ఎవరికి జ్వరం, ఎవరి పిల్లకు పరీక్షలు, అన్నీ అడగకుండానే తెలిసేవి. 2019లో ఓనర్లు ఆ జాగాను బిల్డర్‌కు ఇచ్చేశారు. ఒకరు నాగోల్, ఒకరు అల్వాల్, ఒకరు అత్తాపూర్, ఒకరు బాచుపల్లి. నేను మాత్రం రెండు గల్లీల అవతలికి మారాను.

ఆ నల్లాను ఫోన్‌లో మళ్లీ పెట్టుకున్నాం. మా వాట్సాప్ గ్రూపు పేరే ‘నల్లా కాడ’. 2021 బతుకమ్మ రోజుల్లో తొమ్మిది మందితో మొదలైంది, ఇప్పుడు పన్నెండు మందిమి. జాకెట్ల కొలతలివ్వడానికి వచ్చేవాళ్లు నా ఫోన్‌లో ఆ గ్రూపు ఫోటోలు చూసి, “మీ గ్రూపు ఎట్ల నడుస్తున్నదక్కా, మా గ్రూపుల గుడ్ మార్నింగులు తప్ప ఏం రావు” అంటుంటారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే సంగతులన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు పోయిన గ్రూపు సంగతి చెప్పాలి, ఎందుకంటే నేర్చుకున్నదంతా దాని దగ్గరే. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే ఆ ఉత్సాహంలో నా ఫోన్‌లో ఉన్న చుట్టాలను, కాంపౌండ్ వాళ్లను, గిరాకీలను కలిపి అరవై నాలుగు మందిని ఒకేసారి చేర్చేశాను. ఎవరినీ అడగలేదు. మొదటి వారం వంటల ఫోటోలు వచ్చాయి. రెండో వారం కషాయాల ఫార్వర్డులు, ఆ తర్వాత రాజకీయాలు, ఆ తర్వాత ఒకామె చీరల అమ్మకం. అల్వాల్ అక్క ఒకరోజు తన పెరట్లో మొదటిసారి కాసిన బెండకాయలు, సరిగ్గా ఆరు, చేటలో పెట్టి ఫోటో పంపింది. దాని మీద పది నిమిషాల్లో పదిహేడు ఫార్వర్డులు పడ్డాయి. ఒక్కరు కూడా “బాగున్నయక్కా” అనలేదు. నేను కూడా రాత్రి దాకా చూడలేదు. ఆమె మళ్లీ ఏదీ పంపలేదు. ఆ ఆరు బెండకాయలు ఇప్పటికీ నా మనసులో ఉన్నాయి.

ఎవరిని చేర్చాలి

వాట్సాప్ ఒక గ్రూపులో 1024 మందిని పట్టనిస్తుంది. మనకు పన్నెండు దాటొద్దు. పన్నెండు మందిలో ఒకామె నాలుగు రోజులు కనబడకపోతే వెలితి తెలుస్తుంది, యాభై మందిలో ఆ సంగతే తెలియదు. తొమ్మిదితో మొదలుపెట్టండి. ఆరుగురైనా చాలు.

నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. చెప్పకుండా మధ్యాహ్నం మూడింటికి ఆమె ఇంటికి వెళితే, ఉన్న చీర మీదనే, జుట్టు ముడేసుకుంటూ తలుపు తీసి “రా, కూసో” అంటుందా? అంటే చేర్చుకోండి. ముందు గది సర్దుకోవాలని కంగారు పడే మనిషైతే ఆమె మంచిదే, కానీ ఈ గ్రూపుకు సరిపడదు. ఇక్కడ చూపించుకునేవి సర్దిపెట్టని ఇళ్లే.

ఒక ఇంటి నుంచి ఒక్కరే ఉండాలి. దీని మీద నన్ను చాలామంది బతిమాలారు, నేను ఒప్పుకోలేదు. అత్తాకోడళ్లు ఇద్దరూ ఉంటే, “ఇయ్యాల నాకు ఏం జెయ్య బుద్ధి కాలే, పొద్దుటి పప్పే వేడి చేసి పెట్టిన” అని ఏ కోడలు పెడుతుంది? ఏ అత్త పెడుతుంది? అక్కాచెల్లెళ్లైనా సరే, ఒకే గడపలో ఉంటే ఒకరినే తీసుకోండి. రెండో ఆమెకు వేరే గ్రూపు పెట్టుకోమని చెప్పి, దగ్గర కూర్చుని పెట్టించండి. నేను ఒకరికి అలాగే పెట్టించాను.

చేర్చే ముందు ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయాలి, మెసేజ్ పనికిరాదు. నేను చెప్పింది ఇది: “మనం నల్లా కాడ చెప్పుకునేటివే ఇండ్ల చెప్పుకుందాం. నెలకు ఒక్కసారి మాట్లాడినా మంచిదే. ఫార్వర్డ్ మాత్రం ఒక్కటి గూడ వద్దు. నచ్చకపోతే చెప్పకుండ ఎల్లిపో, నేనేం అనుకోను.” చివరి మాట తప్పకుండా చెప్పండి. ఇప్పుడు వాట్సాప్‌లో గ్రూపు వదిలి వెళితే అందరికీ నోటిఫికేషన్ రాదు, అడ్మిన్‌కు మాత్రమే వస్తుంది. ఆ సంగతి ముందే తెలిస్తే వచ్చేవాళ్లు ధైర్యంగా వస్తారు.

ఏం పంచుకోవాలి

ఈ రోజు నీ చేతులతో చేసిన పని. అంతే.

గుత్తి వంకాయకు కాయలు నాలుగు పక్షాలుగా కోయడం, పాత చున్నీతో దిండు గలీబు కుట్టడం, రాంనగర్ చేపల మార్కెట్‌లో ఆదివారం పొద్దున రవ్వ చేప బేరం చేయడం, మనవరాలికి రెండు జడలు వేయడం, గ్యాస్ పొయ్యి బర్నర్ పిన్నీసుతో గుచ్చి శుభ్రం చేయడం. ఫోటో మంచిగా రావాలని లేదు. అత్తాపూర్ చెల్లె ఒకసారి తన చేయి మాత్రమే పంపింది. కాకరకాయ గీకి గీకి పచ్చబడ్డ వేళ్లు, గాజు కిందికి జారి, గోటి సందున ఒక గింజ ముక్క. దానికి వచ్చినన్ని మాటలు పండగ ఫోటోలకు కూడా రాలేదు. కాకరకాయ చేదు విరవడానికి ఎవరు ఉప్పు రాస్తారు, ఎవరు మజ్జిగలో వేస్తారు అని చీకటి పడేదాకా సాగింది.

కొన్న వస్తువులు వద్దు. ఇది రెండో ఏడు నేర్చుకున్నాం. ఒకామె కొత్త ఫ్లాట్‌లో మాడ్యులర్ కిచెన్ ఫోటోలు వరసగా పదకొండు పెట్టింది. ఆమెకు సంతోషం, అందులో తప్పేమీ లేదు. కానీ కిరాయి ఇళ్లల్లో ఉన్న ముగ్గురు ఆ వారమంతా మూగబోయారు. నేను ఆమెకు విడిగా ఫోన్ చేసి, “ఆ కిచెన్ల మొదటి దినం ఏం వండినవో పెట్టు వదినా” అన్నాను. పాలు పొంగించి పరమాన్నం చేసిన ఫోటో పెట్టింది. ముగ్గురూ మాట కలిపారు. బంగారం, కారు, టూరు టికెట్లకు కూడా అదే మాట వర్తిస్తుంది. టూరులో చేసిన పని ఉంటే చెప్పొచ్చు.

పండగ శుభాకాంక్షల బొమ్మలు కూడా ఫార్వర్డులే. శుభాకాంక్షలు చెప్పాలనుంటే గొంతుతో చెప్పాలి. చిట్టీలు, అప్పులు, అమ్మకాలు గ్రూపులో ఎత్తకూడదు. నా కుట్టుపని గురించి కూడా నేను ఆ గ్రూపులో ఒక్క మాట అడగను. జాకెట్ కావాల్సినవాళ్లు విడిగా ఫోన్ చేస్తారు.

చదువు రానివాళ్లు, టైప్ చేయలేనివాళ్లు

మా కింది పోర్షన్ అత్తమ్మకు అప్పుడు డెబ్బై నాలుగేళ్లు. ఆమె లేకుండా నల్లా కాడ అనే మాటకే అర్థం లేదు. ఉప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటుంది. అక్షరాలు రావు. నేను బస్సెక్కి వెళ్లి, ఆమె మంచం మీద పక్కన కూర్చుని నేర్పాను. గ్రూపును పైన పిన్ చేశాను, వెతుక్కోకుండా. గ్రూపు బొమ్మగా మా పాత నల్లా ఫోటో పెట్టాను, చూడగానే గుర్తుపట్టేలా. “ఈ మైకు బొమ్మ మీద బొటనవేలు పెట్టి పట్టుకో అత్తమ్మా, మాట అయిపోయేదాక ఏలు తియ్యొద్దు.” ఆమె ఏలు పెడుతుంది, మాట్లాడేముందు ఆలోచించుకోవడానికి తీసేస్తుంది. ఆరుసార్లు అలాగే అయింది. అప్పుడు మైకును పట్టుకుని పైకి జరిపితే తాళం పడుతుందని, ఇక వేలు తీసేసినా రికార్డు అవుతూనే ఉంటుందని చూపించాను. తాళం గుర్తు చూసి, “ఇగ నా నోరు బందు గాదన్నట్టు” అంది. ఆమె మొదటి మెసేజ్ అదే. వెనక కుక్కర్ విజిల్ కూడా పడింది.

అప్పటి నుంచి గ్రూపులో ఎక్కువ మాటలు గొంతుతోనే నడుస్తాయి. టైప్ చేయాలనుకునేవాళ్లకు కీబోర్డులోనే మైకు ఉంటుంది. జీబోర్డు అనే గూగుల్ కీబోర్డులో భాషల్లో తెలుగు చేర్చుకుంటే మాట్లాడింది తెలుగు అక్షరాల్లో పడుతుంది. వాయిస్ మెసేజ్‌ను ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు వేగంగా వినే వీలుంది కానీ, మన మనుషుల గొంతు అలా వినకండి. నిమిషం మాటకు నిమిషం ఇవ్వండి.

సెట్టింగులు

గ్రూపు పెట్టగానే చేయాల్సినవి ఇవి. గ్రూపు పేరు మీద నొక్కితే లోపల గ్రూప్ పర్మిషన్స్ అని ఉంటుంది. అందులో సభ్యులను చేర్చే వీలు అడ్మిన్లకే ఉంచండి. గ్రూపు పేరు, బొమ్మ మార్చే వీలు కూడా మూసేయండి. ఇన్వైట్ లింక్ ఎవరికీ పంపకండి. ఎప్పుడైనా పంపి ఉంటే రీసెట్ చేస్తే పాత లింక్ పనిచేయదు. ఇంకో నమ్మకమైన మనిషిని రెండో అడ్మిన్‌గా పెట్టండి. నాకు టైఫాయిడ్ వచ్చిన పదిహేను రోజులు అల్వాల్ అక్కే చూసుకుంది.

మీడియా విజిబిలిటీ అనే చోట ‘నో’ పెట్టుకోమని అందరికీ చెప్పండి. అప్పుడు గ్రూపు ఫోటోలు ఫోన్ గ్యాలరీలోకి వెళ్లవు. ఇంట్లో పిల్లలు ఫోన్ తీసి గ్యాలరీ తిప్పినా మన ముచ్చట్లు వాళ్ల కంట పడవు. ఫోన్ కూడా నిండదు.

తప్పుగా ఏదైనా పంపితే ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ చేయడానికి రెండు రోజులకు పైగా సమయం ఉంటుంది. ఎవరైనా పెట్టకూడనిది పెడితే అడ్మిన్ కూడా దాన్ని అందరి దగ్గరా తీసేయగలరు. మేం తీసేసేవి మూడు రకాలు: పిల్లలకు స్నానం చేయిస్తున్న ఫోటోలు, ఆసుపత్రి మంచం మీదున్న వాళ్ల ఫోటోలు, అడగకుండా తీసిన పక్కింటివాళ్ల ముఖాలు. తీసేశాక ఆ మనిషికి అప్పుడే ఫోన్ చేసి ఎందుకో చెప్పాలి. చెప్పకుండా తీసేస్తే ఆమె చిన్నబుచ్చుకుంటుంది.

డిసప్పియరింగ్ మెసేజెస్ అని 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో మాటలు వాటంతటవే పోయే ఏర్పాటు ఉంది. మేం పెట్టుకోలేదు, కారణం చివర చెబుతాను. మీ గ్రూపులో ఇంటి గొడవల మాటలు ఎక్కువైతే 90 రోజులు పెట్టుకోవడం మేలు.

దొంగ వచ్చిన రోజు

దీనికి కొంచెం ఎక్కువ జాగా ఇస్తున్నాను, ఎందుకంటే చిన్న గ్రూపు అంటేనే నమ్మకం, ఆ నమ్మకం మీదే దొంగలు కొడతారు.

ఒకరోజు పొద్దున పదకొండింటికి బాచుపల్లి చెల్లె పేరు మీద గ్రూపులో మెసేజ్ వచ్చింది. అర్జంటుగా పదిహేను వేలు కావాలి, ఈ నంబరుకు వేయండి, సాయంత్రం ఇచ్చేస్తాను అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. చెల్లె ఎప్పుడూ గొంతుతోనే మాట్లాడుతుంది. నాగోల్ వదిన డబ్బులు వేయబోయింది కూడా. అల్వాల్ అక్క ఆపి, “గొంతు పంపు బిడ్డా” అని అడిగింది. జవాబు లేదు. నేను చెల్లెకు మామూలు ఫోన్ చేశాను. ఆమెకు అప్పటికే వాట్సాప్ పనిచేయడం లేదు. పార్సిల్ వచ్చిందని ఎవరో ఫోన్ చేస్తే, మెసేజ్‌లో వచ్చిన ఆరు అంకెలు చదివి చెప్పిందట. అవి ఆమె వాట్సాప్‌ను ఇంకో ఫోన్‌లో తెరిచే కోడ్ అంకెలు.

అలా అయితే చేయాల్సిన పనులు వరసగా: ఆ నంబరును గ్రూపులోంచి వెంటనే తీసేయాలి. ఆమె తన ఫోన్‌లో వాట్సాప్ మళ్లీ పెట్టుకుని తన నంబరుతో కొత్త కోడ్ తెప్పించుకుంటే దొంగ బయటికి పోతాడు. వాడు ముందే టూ స్టెప్ పిన్, అంటే కోడ్ తర్వాత అడిగే రెండో తాళం లాంటి నంబరు, పెట్టేసి ఉంటే ఏడు రోజులు ఆగాలి. ఎవరి డబ్బయినా పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును ఆపే వీలు అంత ఎక్కువ. ఆ ఆదివారమే నేను పన్నెండు మందికీ వీడియో కాల్ చేసి, ఒక్కొక్కరి చేత సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్‌లోకి వెళ్లి ఆరంకెల పిన్ పెట్టించాను. సాయంత్రం దాకా పట్టింది. మీరు గ్రూపు పెట్టిన మొదటి వారమే పెట్టించండి. డబ్బు అడిగే మెసేజ్ ఎవరి పేరు మీద వచ్చినా గొంతు వినకుండా కదలొద్దని కూడా అప్పుడే ఒప్పందం చేసుకోండి.

మొదటి నెల

మొదటి ముప్పై రోజులు పెట్టినవాళ్లే రోజూ ఒకటి పంచుకోవాలి. నేను మధ్యాహ్నం నాలుగింటికి పంపేదాన్ని, చాయ్ పెట్టుకునే వేళ. నల్లా వచ్చేది కూడా ఆ వేళకే, అందుకే అందరి చేతులూ అలవాటుగా ఫోన్ మీదికి వెళ్లాయి. మీ మనుషులకు ఏ వేళ తీరికో చూసుకోండి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఏదీ వద్దన్నాం.

మంగళవారం వంట, గురువారం మొక్కలు అని వారాలు పెట్టి చూశాను. హోంవర్క్‌లా అయిపోయి మూడు వారాల్లో మానేశాం. దానికంటే ఒక మనిషిని ఆమె పని గురించే అడగడం మేలు. “అందరు ఎట్లున్నరు” అంటే ఎవరూ పలకరు. “వదినా, మొన్న నానబెట్టిన మెంతులు మొలకొచ్చినయా?” అంటే వదిన లేచి వెళ్లి ఫోటో తీసి పంపుతుంది.

పంపిన ప్రతిదానికీ కనీసం ఒకరు మాటతో జవాబు చెప్పాలి. బొటనవేలు బొమ్మ చాలదు. నేను ఎవరికీ చెప్పకుండా ఈ పనిని నా మీద వేసుకున్నాను, రాత్రి పడుకునే ముందు ఆ రోజువి ఒకసారి చూసి, ఒంటరిగా మిగిలినదానికి ఒక మాట పెడతాను. అల్వాల్ అక్కకు కూడా తర్వాత చెప్పాను. ఆమె కూడా చూస్తుంది.

చూసి ఊరుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు. వాళ్లను మాట్లాడమని గుచ్చొద్దు. నల్లా కాడ కూడా బిందె పట్టుకుని విని వెళ్లిపోయేవాళ్లు ఉండేవాళ్లు కదా. కానీ రోజూ మాట్లాడే మనిషి నాలుగు రోజులు పలకకపోతే ఫోన్ చేయాలి, గ్రూపులో “ఏమైంది” అని అడగకూడదు. నాగోల్ వదిన అలా ఆగిపోయినప్పుడు ఫోన్ చేస్తే చికున్‌గున్యా, గ్లాసు కూడా పట్టుకోలేకపోతోంది. ఉప్పల్ నుంచి అత్తమ్మ కోడలు రెండు రోజులు జావ, పచ్చిపులుసు తీసుకుని వెళ్లింది. వదిన తేరుకున్నాక తనే గ్రూపులో చెప్పుకుంది.

గొడవ ఒక్కసారే వచ్చింది, పాత చిట్టీ డబ్బుల గురించి ఇద్దరి మధ్య, రాత్రిపూట. గ్రూప్ పర్మిషన్స్‌లో మెసేజ్‌లు పంపే వీలు అడ్మిన్లకే పెట్టి, ఆ రాత్రికి మూసేశాను. మర్నాడు ఇద్దరితో విడివిడిగా మాట్లాడి, సాయంత్రం నాలుగింటికి తెరిచి నా కత్తెర సానబెట్టించిన ఫోటో పెట్టాను.

కలుసుకోవడం

ఏడాదికి రెండుసార్లు కలుస్తాం. బతుకమ్మకు మా గల్లీలో. గుడిమల్కాపూర్ పూల మార్కెట్ దగ్గరగా ఉంటుంది కాబట్టి బంతి, చామంతి అత్తాపూర్ చెల్లె తెస్తుంది, గునుగు, తంగేడు నేను ఇక్కడ రోడ్డు మీద కొంటాను. జనవరిలో నుమాయిష్‌కు. 1938లో మొదలైన ఎగ్జిబిషన్ అది, మా అత్తగారి కాలం నుంచి ఆ కాంపౌండ్ వాళ్లందరూ కలిసి వెళ్లడం అలవాటు. మెట్రోలో గాంధీ భవన్ స్టేషన్ దగ్గర కలుస్తాం. నాగోల్ వదిన అమీర్‌పేట్‌లో మారుతుంది, బాచుపల్లి చెల్లె మియాపూర్ దాకా ఆటోలో వచ్చి ఎక్కుతుంది, నేను ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారతాను. దారులు గ్రూపులో పిన్ చేసి పెడతాను. 24 గంటలకు, 7 రోజులకు, 30 రోజులకు పిన్ చేయొచ్చు. రాలేనివాళ్లకు ఆ రోజు ఎక్కువ ఫోటోలు పంపకండి. ఒక వీడియో కాల్ చేసి అందరూ కనబడితే చాలు.

ఇక మాటలు వాటంతటవే పోయే ఏర్పాటు ఎందుకు పెట్టుకోలేదో చెప్పాలి. ఒక సంక్రాంతికి అత్తమ్మ సకినాలు ఎలా చేయాలో రెండు వాయిస్‌లలో చెప్పింది. బియ్యం రాత్రి నానబెట్టి, తడి మీదనే పిండి పట్టించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి ఎంత మెత్తగా కలపాలో, పంచె మీద చుట్లు తిప్పేటప్పుడు వేళ్లు ఎలా మలచాలో. “పిండి నీ మాట ఇన్నదాక నీళ్లు చిలకరిచ్చు, ఇంటే ఆపెయ్” అంటుంది మధ్యలో. నేను ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ తీసుకోలేదు, ఆ రెండు వాయిస్‌లు పోయాయి. నాగోల్ వదిన ఫోన్‌లో ఉంటే తెప్పించుకున్నాను. మీరు వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో అది గూగుల్ అకౌంట్‌కు ఉచితంగా వచ్చే 15 జీబీలోంచే జాగా తీసుకుంటుంది, నిండితే ఆగిపోతుంది. అందుకని నేను నెలకోసారి ఇతర గ్రూపుల వీడియోలు తీసేస్తాను. అత్తమ్మ వాయిస్‌లకు స్టార్ పెట్టుకున్నాను, ఇంకో కాపీ నా బిడ్డ ఫోన్‌లో వేసి ఉంచాను. పోయిన సంక్రాంతికి పిండి కలుపుతూ ఫోన్ పక్కన పెట్టుకుని మళ్లీ విన్నాను. వెనక వాళ్ల నల్లా నీళ్లు బిందెలో పడుతున్న చప్పుడు వినబడుతోంది.